జానా బెత్తెడు పండుగప్ప

నాకు డెబ్బై నాలుగేళ్లు. ఈ వయసుకు మనిషి వంగిపోయి కాస్త పొట్టివాడవడం మామూలే. నా విషయంలో పొట్టిదైపోయింది నేను కాదు, నా చేప. అదెట్లా జరిగిందో చెబుతాను. కథ చివర ఎవరికీ ఏమీ కాలేదని ముందే చెప్పేస్తున్నాను. ఆ మాట రాస్తుంటేనే ఇప్పటికీ గుండె తేలికవుతుంది.

మా ఊరు చిట్టమూరు మండలంలో సముద్రం వైపుకు విసిరేసినట్టు ఉంటుంది. నేను మిషను బడిలో ఐదు దాకా చదివాను. ఆరుకు కూడా పోయేవాణ్నే గాని, ఆ ఏడు గాలివానకు బడి పైకప్పు ఎగిరిపోయి పక్క ఊళ్లో పడింది. దాన్ని పట్టుకోవడానికి పోయిన పంతులు ఇంతవరకూ తిరిగి రాలేదు.

ఇట్లాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి. అన్నిట్లోకీ పెద్దది పండుగప్ప కథ. వయసులో ఉండగా పులికాట్ సరస్సులో నా గాలానికి ఒక పండుగప్ప తగిలింది. పడవ ఈ చివర తల, ఆ చివర తోక. అది తోక కొట్టిన చప్పుడుకు సూళ్లూరుపేట జనమంతా రాకెట్టు ఎగిరిందనుకొని మేడలెక్కి ఆకాశం చూశారు. నలభై ఏళ్లుగా చెబుతున్నాను. చెప్పినప్పుడల్లా చేప కొంచెం ఎదుగుతూనే ఉంది, మేత లేకుండా. గుడిలో దేవుడు చేసిన మేలులకు సాక్ష్యం చెప్పడానికి లేచినా ఆ మేలుల మధ్యలోకి అది ఈదుకుంటూ వచ్చేస్తుంది. అందుకే మా బెన్హర్ పాస్టరు గారు నా వంతు రాగానే, "తిమోతి గారూ, రెండే నిమిషాలు," అని చేతి గడియారం చూపిస్తారు.

ఇక అసలు సంగతి. నాకు వరసకు మనవడయ్యే హెబ్రోనుకు కాలువ పక్కన రొయ్యల గుంట ఉంది. పోయిన ఏడు ఆ గుంటకు తెల్లమచ్చ తగిలింది. రొయ్య పెంకు మీద తెల్లని చుక్కలు పడే జబ్బు అది. నాలుగు రోజుల్లో గుంటంతా చచ్చి తేలుతుంది, కాలువ నీళ్లతో పక్క గుంటలకు పాకుతుంది. హెబ్రోను భయపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజుల్లో పక్క గుంట చంద్రమౌళికీ పంట పోయింది. ఈ ఏడు హెబ్రోను, వాడి భార్య డెబోరా గట్టు మీదే గుడిసె వేసుకొని పిల్లల్ని సాకినట్టు ఆ రొయ్యల్ని సాకారు. శనివారం పట్టుబడి. అంటే తూము ఎత్తి, నీళ్లు కాలువలోకి వదిలి, రొయ్యల్ని వలకు పట్టే రోజు.

గురువారం పొద్దున నేను ఆ గట్టు మీదుగా వస్తుంటే డెబోరా తమ్ముడు జడ్సన్ కనిపించాడు. అక్కకు సాయం చేద్దామని చెన్నై నుంచి రైలు దిగి వచ్చాడు. కుర్రవాడు తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఉంటాడు. వాళ్ల చెన్నైలో బావమరిదినీ స్నేహితుణ్నీ కూడా మచ్చా అంటారట. నన్ను చూసి, "వణక్కం మచ్చా!" అన్నాడు. ఈ వయసులో నన్ను మచ్చా అన్నవాడు వాడొక్కడే.

ఆ మాట చెవిలో పడిందో లేదో నా నాలుకకు దురద మొదలైంది. తెల్లవాడు, పైగా మచ్చా. ఇంటికి పోయేలోపల వేళాకోళం తయారైపోయింది.

ఇంట్లో నా భార్య ఎలిశబెతు ఆడవాళ్ల ప్రార్థన కూటానికి బయలుదేరుతోంది. గొంతు తగ్గించి, ముఖం దిగులుగా పెట్టి అన్నాను:

"ఏం మే, హెబ్రోను గుంటకు తెల్లమచ్చ వచ్చిందంట."

"అయ్యో! ఎవురు చెప్పినారు?"

"ఎవురో చెప్పేదేంది? నా కళ్లతో చూసి వస్తుండా. గట్టు మీదనే ఉండాది."

ఇక్కడ ఆమె "జబ్బు గట్టు మీదుండేదేంది?" అని అడగాలి. అప్పుడు నేను "జబ్బు కాదు, జడ్సను!" అనాలి. ఇద్దరం నవ్వుకోవాలి. నేను అనుకున్నది అది. ఆమె అడగలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకొని, "ప్రభువా, ఆ బిడ్డలకు మళ్లీనా," అంటూ బైబిలు చంకన పెట్టుకొని వెళ్లిపోయింది. వేళాకోళానికి తల మాత్రం ఆమెతో పోయింది, తోక నా దగ్గరే మిగిలింది. సాయంత్రం చెబుదాంలే అని అన్నం తిని పడుకున్నాను.

సాయంత్రం ఆమె వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "హెబ్రోను గుంటను మనవిగా పెట్టినా. పదకొండు మందిమి మోకాళ్ల మీద ఏడ్చినాం," అంది.

మా దగ్గర ప్రార్థన మనవి అంటే ఏమిటో మీకు తెలియాలి. ఒకరి కష్టం నలుగురి ముందు పెట్టి దేవుణ్ని అడగడం. మంచి పనే. కాకపోతే ఆ నలుగురూ ఇళ్లకు పోతూ దారిలో ఆ కష్టాన్ని ఇంకో నలుగురికి చెబుతారు, వాళ్లు కూడా ప్రార్థించాలని.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. ఆ ఎర్రటి కళ్లు చూసి, "కూరేంది?" అన్నాను.

శుక్రవారం తెల్లారగానే హెబ్రోను పరిగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేదు.

"అవ్వా! నా గుంటకు జబ్బని ఎవురు చెప్పినారు నీకు? ఆ చంద్రమౌళన్న బ్లీచింగు మూటలు తెచ్చి నా తూము కాడ కూర్చోనుండాడు. నీళ్లు వదిలితే ఊరంతా పోతుందంట. జబ్బు కాలువలో కలవకముందే గుంటలో బ్లీచింగు కొట్టేస్తాడంట!"

బ్లీచింగు పడితే గుంటలో ఒక్క రొయ్య మిగలదు. జబ్బు ఉన్నదైనా లేనిదైనా.

"మేత ట్రే ఎత్తి రొయ్యల్ని చూపించరాదా?" అన్నాను.

"చూపించినా తాతా. జబ్బు లోపలుంటుంది, రెండు రోజులకు గాని పైకి తేలదంటాడు. పోయిన ఏడు కూడా నువ్వు మంచివే చూపించినావు గదరా అంటాడు. దానికి నేనేం చెప్పేది?"

ఎలిశబెతు నా వైపు తిరిగింది. నేను పాదాల వైపు చూసుకుంటూ జడ్సన్ సంగతి చెప్పాను. చెబుతుంటే అందులో నవ్వొచ్చేది ఏముందో నాకే కనిపించలేదు.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఊళ్లో వాళ్లకు చెప్పే అబద్ధాలకు నలభై ఏళ్లు ఓర్చుకున్నా. నిన్న నన్ను దేవుని దగ్గర అబద్ధం ఆడించినావయ్యా," అంది మెల్లగా. తర్వాత చెప్పులేసుకుంది. "పద. నీ నోటితో పోయింది నీ నోటితోనే తీసుకురా."

గట్టు మీద ఊరు సగం ఉంది. చంద్రమౌళి మూటల మీద కూర్చొని ఉన్నాడు. చెడ్డవాడు కాదు. అతని గుంటలో అరవై రోజుల రొయ్య పిల్ల ఉంది, పోయిన ఏటి దెబ్బ ఇంకా మానలేదు. డెబోరా తూముకు అడ్డంగా నిలబడి ఉంది. ఆమె పక్కన జడ్సన్, ఏం జరుగుతోందో అర్థంకాని ముఖంతో.

"మౌళీ," అన్నాను, "గుంటకు జబ్బు లేదు. నేను అన్న తెల్లమచ్చ ఇదిగో, వీడు." జడ్సన్ భుజం పట్టుకొని ముందుకు లాగాను. "మచ్చా అంటే అరవంలో బావమరిది. వేళాకోళానికి అన్నాను."

గట్టంతా నవ్వు.

"రాత్రంతా కూర్చోని అల్లినట్టుండాడు తాత!"

"మనవణ్ని కాపాడేదానికి ఎంత కథ కట్టినాడో చూడండి!"

చంద్రమౌళి నవ్వలేదు. "అన్నా, నీ కథలంటే నాకిష్టమే. ఈ పొద్దు వద్దు. నా కడుపు మండుతుండాది," అని ఒక మూట తాడు విప్పాడు.

జీవితంలో మొదటిసారి నేను ఉన్నది ఉన్నట్టు చెబితే, నేను చెప్పిన కథలన్నిట్లోకీ అదే నమ్మలేనిదైపోయింది. ఒట్టు పెడదామా అనుకున్నాను. నా ఒట్ల సంగతి ఊరికి తెలుసు. డెబోరా నన్నే చూస్తోంది. ఆ చూపు కింద నిలబడటం కష్టమైంది.

"మౌళీ, ఒక్క మాట. నేను నిజం చెప్పగలనా లేదా, నువ్వే అడిగి చూడు. ఏదైనా అడుగు."

అతను తాడు పట్టుకొనే ఆగాడు. కాసేపు నన్ను ఎగాదిగా చూశాడు.

"సరే. ఆ పండుగప్ప ఎంత పొడుగు?"

మళ్లీ నవ్వులు. నాకు మాత్రం చెమట పట్టింది. నలభై ఏళ్ల చేప అది. పెళ్లిళ్లలో, చావిళ్లలో, ఆసుపత్రి మంచం మీద కూడా నాకు తోడున్న చేప.

"పడవంత కాదు," అన్నాను. "రెండు మూరలు."

చంద్రమౌళి తాడు వదిలి మూట వైపు చెయ్యి చాపాడు.

"మూర!"

చెయ్యి ఆగలేదు. జనంలో ఎలిశబెతు కనిపించింది. ఆ రోజు ఆ చేపను బూడిదతో తోమి పులుసు పెట్టింది ఆమే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నలుగురిలో నన్ను తప్పు పట్టలేదు. ఇప్పుడూ పట్టలేదు, ఊరికే చూస్తోంది.

నేను కుడి చెయ్యి చాపాను. బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా. దానికి పక్కన ఎడమ చేతి నాలుగు వేళ్లు ఆనించాను.

"జానా బెత్తెడు, మౌళీ. మాకిద్దరికే చాలలేదు. రాకెట్టు శబ్దం ఆ రోజు నిజంగానే రాకెట్టుది."

గట్టు మీద నవ్వు ఆగిపోయింది. ఎవరో ముసలాయన "అయ్యో" అన్నాడు, చావు కబురు విన్నట్టు. నేను చేతులు దించలేదు. అవి వణుకుతున్నాయి, అందుకని చేప కూడా బతికున్నట్టు కదులుతోంది.

చంద్రమౌళి ఆ చేతుల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత విప్పిన మూట తాడును మళ్లీ ముడి వేశాడు.

"ఆ చేపను వదులుకున్నాడంటే, ఇది నిజమే," అన్నాడు.

డెబోరా అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చింది. హెబ్రోను పోయి చంద్రమౌళితో పాటు మూటలు బండికెత్తాడు. ఎత్తుతూ, "అన్నా, పోయిన ఏడు ఆ రెండు రోజులు చెప్పకపోవడం నాదే తప్పు," అన్నాడు. ఏడాదిగా రాని మాట అది. చంద్రమౌళి, "తెలుసులేరా," అని మూట అందుకున్నాడు. నేను ఇంకా నిలబడే ఉన్నాను. జడ్సన్ నా చెయ్యి పట్టుకొని, "ఉట్కారు మచ్చా, సారీ, తాతా," అని గట్టు మీద కూర్చోబెట్టాడు.

శనివారం తూము ఎత్తారు. రొయ్యలు వలలో గలగలమంటూ పడ్డాయి, పెంకులు అద్దాల్లా శుభ్రంగా. మొదటి వల దగ్గర చంద్రమౌళి స్వయంగా కూర్చొని ఒక్కో తల తిప్పి చూశాడు. తర్వాత తానూ నీళ్లలోకి దిగి వల పట్టాడు.

ఆదివారం గుడిలో పాస్టరు గారు, "తిమోతి గారూ, రెండు నిమిషాలు," అన్నారు. లేచాను.

"నా మాట వల్ల ఒక గుంట పోవాల్సింది. దేవుడు కాపాడినాడు. ఆడవాళ్లందరూ నన్ను క్షమించాలి, ముందు మా ఇంటామె. స్తోత్రం."

కూర్చున్నాను. పాస్టరు గారు గడియారం చూసి, అది ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నారు. పిల్లలు ఇంకా నా వైపే చూస్తున్నారు, చేప వస్తుందేమోనని.

బయటికి రాగానే హెబ్రోను నా చేతిలో ఒక సంచి పెట్టాడు. నిండా రొయ్యలు.

"తాతా, ఆ చేపను మూర చేసుకో. జానా బెత్తెడంటే మన ఊరికే చిన్నతనంగా ఉండాది. మిగిలిన కొలత నా తరఫున."

"వద్దులేరా," అన్నాను. "దాన్ని అంతే ఉండనీ. ఇప్పుడు అది నాకు బరువు కాదు."

ఎలిశబెతు ఆ సాయంత్రం రొయ్యలు వేయించింది. రెండు రోజుల తర్వాత నాతో సరిగ్గా మాట్లాడింది, "ఉప్పు సరిపోయిందా?" అని. ఆ రెండు మాటలకు నా ప్రాణం కుదుటపడింది. అంతలో పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి, "అన్నా, హెబ్రోను రొయ్యలు పెద్దవేనా? ఎంతెంత ఉండాయి?" అంది.

నా రెండు చేతులూ వాటంతట అవే బార చాపుకున్నాయి. ఎలిశబెతు గరిటె ఆపి చూసింది.

చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

"రొయ్యంత," అన్నాను.