బడికొచ్చిన సగం లాఠీ

నేను ఒక లాఠీలో సగాన్ని. పై సగాన్ని, అంటే చెయ్యి పట్టుకునే వైపు. దెబ్బ తగిలే వైపు నాది కాదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, నన్ను చూడగానే పాపమంతా కర్రదే అన్నట్టు మీరు మొహం చిట్లిస్తారు. మిమ్మల్ని నేను బాగా ఎరుగుదును. కొట్టేటప్పుడు చెయ్యి మీది, కొట్టాక పేరు నాది.

నేను పుట్టింది అడవిలో. లోపల బోలు లేని గట్టి వెదురు జాతి మాది. నా మానాన నేను పొదలో నిలబడి ఉంటే ఒకాయన వచ్చి మొదలంటా నరికాడు. కణుపులు చెక్కాడు. వంకర ఉందని నిప్పుల మీద కాల్చి, రెండు గుంజల మధ్య ఇరికించి వంచాడు. ఆ కాలిన ఒంటికే నూనె పట్టించి ఎండలో పడేశాడు. పుట్టిన దగ్గర్నుంచి నన్ను మెత్తగా ముట్టుకున్న చెయ్యి ఒక్కటీ లేదు. ఇలా పెంచినదాని దగ్గర దయ వెతుక్కోవడం మనుషులకే చెల్లింది.

కట్టలో ఒకదాన్నై ఒక మండల కేంద్రం పోలీసు స్టేషనుకు చేరాను. మొదట నన్ను వాడింది ఒక ముసలి కానిస్టేబులు. వీపు గోక్కోవడానికీ, జాతరలో జనాన్ని పక్కకు జరపడానికీ తప్ప ఆయన నన్ను దేనికీ ఎత్తలేదు. ఆయన రిటైరయ్యాక హోంగార్డు పర్వతాలు చేతికొచ్చాను. పర్వతాలు మెతకమనిషి. పట్టు జారకుండా నా పై కొసకు ఆకుపచ్చ కరెంటు టేపు చుట్టాడు. రోజూ డ్యూటీకి పోయేముందు నన్ను కళ్లకద్దుకునేవాడు. తోటివాళ్లు మాత్రం అతన్ని వదిలేవారు కాదు. "చేతిల కట్టె ఉండి ఏం ఫాయిదరా పర్వతాలూ, నిన్ను జూసి కుక్క గూడ జరగదు" అనేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు. అలా నవ్వినప్పుడల్లా అరచెయ్యి చెమర్చేది. అది నాకొక్కదానికే తెలుసు.

తర్వాత కరోనా వచ్చింది. బడులు మూశారు, బజారు మూశారు, చౌరస్తాలో ముళ్లకంప అడ్డం పెట్టి పర్వతాలును నిలబెట్టారు. మొదట్లో అతను వచ్చినవాళ్లకల్లా దండం పెట్టి ఇంటికి పొమ్మని బతిమాలాడు. ఒక్కడూ ఖాతరు చేయలేదు. ఎస్సై నలుగురిలో తిట్టాడు. ఆ కోపం మీద పర్వతాలు, పేకాటకు పోతున్న ఒకణ్ణి పట్టుకుని పిక్కల మీద రెండు వేశాడు. ఎవరో దాన్ని ఫోనులో తీశారు. సాయంత్రానికల్లా ఊరంతా ఆ వీడియో చూసి పడీపడీ నవ్వింది. "ఇరగదీసినవ్ అన్నా!" అని ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా అతన్ని మెచ్చుకున్నారు. పాపం, అతన్ని అంతకుముందు ఎవరూ దేనికీ మెచ్చుకోలేదు.

ఇక నాకు తీరిక లేదు. పాలకు పోయేవాడి పిక్కలు, చేను నుంచి వచ్చే రైతు నడుము, కూరగాయల బండివాడి వేళ్లు, ఏదీ వదల్లేదు. కొట్టాక చెవులు పట్టించి గుంజీళ్లు తీయించేవారు. "తప్పయింది సార్, మళ్ల బయటికి రాను" అని గట్టిగా చెప్పించేవారు. మేడల మీద నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టేవారు. జనానికి జబ్బు రాకూడదని జనం బొక్కలు విరగ్గొట్టే వైద్యం అది. నేనైతే ఎక్కడా వినలేదు.

జనం మాత్రం తక్కువవాళ్లా! బండి మీద చిన్నపిల్ల కూర్చుని ఉంటే పోలీసులు కొట్టరని ఊళ్లో ఒక పుకారు పుట్టింది. దాంతో ఉప్పుకు పోయేవాడూ, పప్పుకు పోయేవాడూ ఇంట్లో పిల్లనో పక్కింటి పిల్లనో బండి ముందు ఎక్కించుకుని బయల్దేరాడు. కొందరికి అది పనిచేసింది కూడా. మిషన్ కుట్టే బాలకిష్టయ్య ఆ మాట నమ్మాడు. ముసలితల్లికి షుగర్ గోలీలు అయిపోతే, ఎనిమిదేళ్లయినా నిండని కూతురు రుచితను టీవీఎస్ బండి ముందు నిలబెట్టుకుని చౌరస్తాకు వచ్చాడు.

ఆ రోజు జీపులో ఎస్సై ఉన్నాడు. మేడల మీద ఫోన్లు లేచి ఉన్నాయి. బాలకిష్టయ్య బండి దిగి ఖాళీ గోలీల అట్టను కుడిచేత్తో పైకెత్తి చూపిస్తూ, "సార్, మా అమ్మకు..." అన్నాడు. అంతవరకే అన్నాడు. పర్వతాలు మొదటి దెబ్బ తొడ మీద వేశాడు. రెండోది భుజం మీద పడింది. మూడోది ఎత్తేసరికి పిల్ల బండి దిగి తండ్రి కాళ్లకు చుట్టుకుంది. తండ్రి ఆమె తల మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతి మీద పడ్డాను. అతని ముంజేతి బొక్క విరిగిన చప్పుడూ, నేను విరిగిన చప్పుడూ ఒక్కసారే వచ్చాయి. ఏది ఎవరిదో నాకే తెలియలేదు.

అయినా వదల్లేదు. వేలాడుతున్న చేతితోనే గుంజీళ్లు తీయమన్నారు. కుడిచెయ్యి లేవక బాలకిష్టయ్య ఎడంచేత్తోనే ఒక చెవి పట్టుకుని తీశాడు. అప్పుడు రుచిత తండ్రి పక్కకు వచ్చి, రెండు చెవులూ పట్టుకుని, తనూ తీసింది. ఆమెను ఎవరూ తీయమనలేదు. పైనుంచి ఎవరో అరే అన్నారు, ఎవరో నవ్వారు. ఇంత జరిగాక పోతూ పోతూ ఆ పిల్ల రోడ్డు మీద పడున్న నా కింది సగాన్ని తీసుకుని పోయింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

తర్వాత తెలిసింది. దవాఖానకు పోవాలంటే మళ్లీ అదే చౌరస్తా దాటాలి. దాటే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. పసరుకట్టు కట్టే ముసలాయన వచ్చి, బొక్క నిలబడటానికి వెదురు బద్దలు కావాలన్నాడట. రుచిత నా కింది సగాన్ని తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని నిలువునా చీల్చి, బద్దలు చేసి, ఆ విరిగిన చేతికే కట్టాడు. కట్టు విప్పేదాకా ఆ పిల్ల రోజూ నాయిన పక్కన కూర్చుని ఆ బద్దల రంగునూ, కణుపులనూ చూస్తూనే ఉంది. కట్టు విప్పాక చెయ్యి వంకరగా మిగిలింది. కత్తెర పట్టడానికి వేళ్లు ముడుచుకోలేదు.

నా సంగతికొస్తే, పర్వతాలు నన్ను ఇంటికి తీసుకుపోయి మూలన పడేశాడు. అతని అక్క పేరు అండాలు, టీచరు. మా ఊళ్లోనే ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తుంది. ఏడాదిన్నర గడిచి బడులు తెరుస్తారనగానే ఆమె తమ్ముడింటికొచ్చి, "ఒక కట్టె ఉంటే ఇయ్యిరా, పిలగాండ్లను దూరం దూరం కూసోబెట్టాలె, కొలుసుకుంట" అంది. అలా నేను బడిలో చేరాను. ఒక్క అక్షరమూ రాకుండానే.

టీచరు నన్ను నేల మీద పరిచి, రెండు కర్రల దూరానికొక సున్నపు వలయం గీసింది. బడి తెరిచిన రోజు పిల్లలు వచ్చారు. మోకాళ్ల పైకెక్కిన పాత లాగులు, మొహానికి పెద్దవైన మాస్కులు. ఏ వలయంలోనూ ఒక్కరూ గట్టిగా కుదురుకోలేదు. నాలుగో తరగతివాళ్లకు వాళ్ల పేరులో మొదటి అక్షరం కూడా గుర్తులేదు. పేడపురుగులను అగ్గిపెట్టెల్లో తెచ్చుకున్నవాడొకడు, బడికి చెల్లెల్ని ఎత్తుకొచ్చినది ఒకతి. తల్లిదండ్రులు మాత్రం గేటు దగ్గర వీళ్లను దించి, ఊపిరి పీల్చుకుని, వెనక్కి చూడకుండా పోయారు. నాకు ఆ గోల నచ్చింది. నేనున్న చోట భయం లేని గోల వినడం అదే మొదలు.

టీచరు బోర్డు మీద అక్షరాలు రాసి, నాతో ఒక్కొక్కటే చూపిస్తూ పిల్లలతో చెప్పిస్తోంది. రుచిత వంతు వచ్చింది. పైవరుసలో అక్షరం చూపించడానికి టీచరు నన్ను తలపైకి ఎత్తింది. అంతే, ఆ పిల్ల వలయంలో లేచి నిలబడి, చెవులు పట్టుకుని, గుంజీళ్లు తీయడం మొదలుపెట్టింది. "తప్పయింది సార్, మళ్ల బయటికి రాను. తప్పయింది సార్, మళ్ల బయటికి రాను." టీచరు వద్దంటున్నా ఆగలేదు. పిల్లలంతా గొల్లుమని నవ్వారు. అక్షరం రాక సిగ్గుపడి చేస్తోందనుకుంది టీచరు. చదువుకున్నవాళ్లకు ప్రతిదీ అక్షరం దగ్గరే ఆగిపోతుంది.

పిల్లలు నవ్వింది వేరే కారణానికి. వాళ్లకు ఆ వీడియో తెలుసు. బాలకిష్టయ్య దెబ్బలు తిన్న వీడియో ఊళ్లో ప్రతి ఫోనులోకీ పోయింది. ఇళ్లలో అన్నం తినని పిల్లలకు దాన్ని చూపించి బువ్వ పెట్టిన తల్లులున్నారు. చూసీ చూసీ పిల్లలు దాన్నొక ఆట చేసుకున్నారు. ఇంటర్వెల్ గంట కొట్టగానే వర్షిత్ అనే పిల్లవాడు టేబుల్ మీది నుంచి నన్ను లాక్కుని, సంచులన్నీ అడ్డంగా పేర్చి, పోలీసై నిలబడ్డాడు.

"ఎటు పోతున్నవ్‌రా? లాక్‌డౌన్ ఎరుక లేదా?"

"పాలకు సార్!"

పిరుదుల మీద ఉత్తుత్తి దెబ్బ, గుంజీళ్లు, నవ్వులు. వర్షిత్ చూపు రుచిత మీద పడింది. "నువ్వు రా. మీ నాయిన లెక్క చెయ్యి పైకెత్తి రా" అన్నాడు. వాడికి ఎనిమిదేళ్లు. వాడి మనసులో విషం లేదు, చూసినదే అడిగాడు.

రుచిత వచ్చింది. చెయ్యి ఎత్తలేదు. నన్ను వాడి చేతిలోంచి గుంజుకుంది. టేపు చుట్టిన చోట రెండు చేతులతో పట్టుకుంది. ఎందరో పట్టుకున్న ఒళ్లు నాది, ఆ పట్టులో ఏముందో నాకు వెంటనే తెలిసింది. మొదటి దెబ్బ వాడి భుజం మీద పడింది. వాడు ఆటనుకుని నవ్వాడు. రెండో దెబ్బకు నవ్వు ఆగింది. మూడో దెబ్బకు కింద పడ్డాడు. పడ్డాక కూడా కొట్టింది. వీపు మీద, మోచేతి మీద, చెవి మీద. విరిగిన నా కొస పేడుపేడుగా ఉంటుంది, అది వాడి చెవిని చీల్చింది. నెత్తురు సున్నపు వలయంలో పడింది. ఆమె అరవలేదు, ఏడవలేదు. నాకు భయం వేసింది. పెద్దల చేతుల్లో ఎప్పుడూ వెయ్యని భయం ఆ చిన్న చేతుల్లో వేసింది.

టీచరు పరుగెత్తుకొచ్చి నన్ను లాక్కుంది. నెత్తురు చూసి ఆమెకు ఒళ్లు తెలియలేదు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? ఎత్తి రుచిత ముంజేతి మీద ఒక్కటి వేసింది. పిల్ల కదల్లేదు. వాత తేలుతున్న చేతిని చూసుకుని నెమ్మదిగా అంది, "టీచర్, దీని ఇంకో సగం మా ఇంట్ల ఉన్నది."

"ఏందే?"

"మా నాయిన చేతికి కట్టు కట్టిండ్రు దాంతోని."

టీచరు ఆకుపచ్చ టేపు వైపు చూసింది. నన్ను టేబుల్ మీద పెట్టేసింది.

కాసేపట్లోనే వర్షిత్ తల్లి వచ్చింది, వెనక వాడకట్టంతా వచ్చింది. పిల్లవాడి చెవికి గుడ్డ చుట్టి ఉంది. "గా పోరిని బడిల ఉంచితే మా పిలగాండ్లను ఒక్కల్ని పంపం. ఇయ్యాలనే పేరు కొట్టెయ్యుండ్రి" అని ఆమె గొంతు చించుకుంది. బాలకిష్టయ్య కూడా వచ్చాడు, వంకర చెయ్యి పొట్టకు ఆనించుకుని. అతను ఎవరితోనూ వాదించలేదు. టేబుల్ మీదున్న నన్ను చూశాడు. టేపు చూశాడు. తెలిసింది. నన్ను ఎడంచేత్తో తీసుకుంటే అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఎవరి తల పగులుతుందోనని నేనూ బిగుసుకున్నాను.

అతను నన్ను టీచరు చేతిలో పెట్టాడు.

"కండ్లు రెండు ఇడిచిపెట్టి యాడనన్న కొట్టుండ్రి టీచరమ్మా. అందరి ముంగట కొట్టుండ్రి. బడి నుంచి మాత్రం తీసెయ్యకుండ్రి. నా చెయ్యి పోయింది. దానికి చదువన్న ఉండాలె."

పిల్లల్ని మొదటిసారి బడిలో వేసేటప్పుడు ఇక్కడి తండ్రులు గర్వంగా అనే మాట అది. అంత కుమిలిపోతూ దాన్ని అన్నవాణ్ణి నేను చూడలేదు. ఛీ, నేను ఒక మనిషి చేతిలో ఉన్నందుకు అంత సిగ్గుపడింది ఎప్పుడూ లేదు.

టీచరు అందరికీ వినబడేలా చెప్పింది. "ఈ కట్టె మా తమ్ముడు పర్వతాలుది. వీళ్ల నాయిన చెయ్యి ఇరగ్గొట్టింది దీంతోనే. నేనే బడికి తెచ్చిన." అక్కడున్న ప్రతి ఒక్కరూ ఆ వీడియో చూసినవాళ్లే, నవ్వినవాళ్లే. వర్షిత్ తల్లి కొడుకు చెవి మీది గుడ్డ సర్దుతూ కూర్చుండిపోయింది.

టీచరు పిల్ల వైపు తిరిగింది. "రేపు బడికొస్తవా బిడ్డా?"

రుచిత అప్పటికే అరచెయ్యి చాపి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది.

"కొట్టినంక వస్త" అంది.

టీచరు కొట్టలేదు. పేరూ కొట్టెయ్యలేదు. ఆ సాయంత్రం తమ్ముడికి ఫోను చేసి, ఎవరిని కొట్టావో గుర్తుందా అని అడిగింది. "ఎంతమందినో కొట్టిన అక్కా, ఎవరని యాదుంటది" అన్నాడు పర్వతాలు. అబద్ధం కాదు, అతనికి నిజంగానే గుర్తులేదు. ఆమె ఫోను పెట్టేసి చాలాసేపు ఏడ్చింది. మర్నాడు నన్ను పొయ్యిలో పెట్టమని బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెకిచ్చింది. "దీంతోని పిల్లల బువ్వ వండను తల్లీ, నా చేతులు రావు" అని ఆమె నన్ను తీసి వరండా దూలం మీద దోపింది. ఇప్పుడు అక్కడే ఉంటున్నాను. తలెత్తి చూస్తే తప్ప ఎవరికీ కనిపించను. బల్లులు మాత్రం నా మీద నుంచి జంకు లేకుండా తిరుగుతాయి.

కింద వాకిట్లో రోజూ పొద్దున పిల్లలు వరుసగా నిలబడతారు. లోపలికి పోయేముందు ఒక్కొక్కరూ అరచెయ్యి చాపితే టీచరు శానిటైజరు చుక్క వేస్తుంది. వాళ్లు చేతులు రుద్దుకుంటూ, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తూ లోపలికి ఉరుకుతారు. రుచిత వస్తుంది. మానకుండా వస్తుంది. చెయ్యి చాపుతుంది, కళ్లు గట్టిగా మూసుకుంటుంది, భుజాలు బిగించుకుంటుంది. చల్లటి చుక్క పడ్డాక గాని ఊపిరి వదలదు. టీచరు తొందరపెట్టదు. వెనకున్న వర్షిత్ కూడా తోయడు.

ఈ పొద్దున మాత్రం ఒక కన్ను తెరిచి చూసింది.