ఐదు డిగ్రీల ముందు నిప్పు

నేను ఒక మాగ్నెటోని. అదేంటని మొహం అలా పెట్టకండి, మీ నాన్నగారి పాత స్కూటర్లో నా చుట్టం ఒకడు ఉండేవాడు. చిన్న విమానం ఇంజనులో ప్లగ్గులకి నిప్పురవ్వ అందించడం నా పని. బ్యాటరీ చచ్చినా నేను ఆగను, అంత పౌరుషం నాది. కానీ రవ్వ ఎప్పుడు పడాలన్నది నా ఇష్టం కాదు. బిగించే మనిషి నన్ను ఏ కోణంలో బిగిస్తే ఆ క్షణానే వేస్తాను. అదీ నా బతుకు!

సముద్రాల అవతల పుట్టి, పొలాల మీద మందు చల్లే ఒకాయన దగ్గర కొన్నేళ్లు తిరిగి, నా ఇంజనుతో సహా ఈ ఫ్లయింగ్ క్లబ్బుకి అమ్ముడుపోయాను. ఇక్కడి మెకానిక్ సన్యాసిరావు. ముప్పై ఏళ్ల అనుభవం, నోట్లో ఎప్పుడూ వక్కపొడి. దసరాకి ఆయుధపూజ చేసి ఇంజన్లన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టాడు. మా ఇంజనుకి ఎక్కడ పెట్టాడనుకున్నారు? సరిగ్గా ఇరవై డిగ్రీలని చెక్కిన రేకు మీద. పిస్టన్ పైకి చేరడానికి ఇరవై డిగ్రీల ముందు రవ్వ పడాలని దానర్థం. క్లబ్బులో మిగతా అన్నిటికీ ఇరవై ఐదు.

నెల తిరక్కుండా నన్నూ, నా పక్కనే ఉండే రెండో మాగ్నెటోనీ విప్పి, తుడిచి, మళ్ళీ బిగించే రోజొచ్చింది. రేకు మీద కుంకుమ అంకె కనపడకుండా గట్టిగా అట్టకట్టేసింది. "పూజ బొట్టు తుడవకూడదు. అన్నిటికీ ఇరవై ఐదేగా" అని గొణుక్కుని, ఇరవై ఐదు గుర్తు దగ్గరే బిగించేశాడు. మేమిద్దరం ఒకేసారి రవ్వ వేస్తున్నామో లేదో చూపే రెండు బల్బులూ ఒక్కసారి వెలిగాయి. "శభాష్!" అన్నాడు. ఏం శభాష్, నా తలకాయ! అరిచి చెబుదామంటే నాకు నిప్పు పుడుతుంది గానీ మాట పుట్టదు.

మర్నాడు మధ్యాహ్నం కుసుమ ఎక్కింది. పైలట్ లైసెన్సుకి ఇంకా రెండే గంటలు ఎగరాలి ఆ పిల్ల. నేల మీద చేసిన పరీక్షలో ఐదు డిగ్రీల తేడా బయటపడలేదు. ఫుల్ పవర్ మీద పైకెక్కుతుంటే మొదలైంది. పిస్టన్ ఇంకా పైకొస్తూనే ఉంది, దాని నెత్తిన మంట బాదేస్తోంది. వద్దురా దేవుడా అనుకుంటూనే ప్రతిసారీ రవ్వ వేశాను. మానడం నా వల్ల కాలేదు. పిస్టన్‌కి చిల్లు పడి ఇంజను ఆగిపోయింది. కుసుమ ధైర్యం చేసి చెరుకుతోటలో దింపింది. ప్రాణం దక్కింది గానీ కుడికాలు నుజ్జయింది.

ఆ దెబ్బకి మేమిద్దరం ఊడిపడ్డాం. ఎలా బిగించారో ఇక తేలే దారి లేదు. ఇంజన్ని హ్యాంగర్‌కి తెచ్చాక సన్యాసిరావు రేకు తుడిచి, అంకె చూసి, అక్కడే కూలబడ్డాడు. విచారణలో మాత్రం "లెక్క ప్రకారమే బిగించానండి" అన్నాడు. వాళ్లు మాగ్నెటో లోపం కావచ్చని రాసి, నాకు పనికిరాదని ఎర్ర చీటీ కట్టి బీరువాలో పడేశారు.

కొన్ని నెలలకి కుసుమ చేతికర్రతో సన్యాసిరావు దగ్గరికి వచ్చింది. ఇక ఎగరడానికి వీల్లేదన్నారట డాక్టర్లు. "బాబాయ్, దిగులుతో సగమైపోయారేంటి? మీ చేతిపని ఎప్పుడైనా తప్పిందా? నన్ను పడేసింది ఇదే" అని తెరిచి ఉన్న బీరువాలో నాకేసి చూసింది. అబ్బ, ఎంత కోపమో ఆ చూపులో! నాకు ఏడుపొచ్చింది. నాకెలాగూ నోరు లేదు, ఆయనైనా చెబుతాడని ఎదురుచూశాను.

"అవును తల్లీ, దీనిదే తప్పు" అన్నాడు సన్యాసిరావు.