మత్రసూల్ నోట్లో పాకం

బీకాజాన్ పార భుజాన వేసుకుని మరిది ఇంటికి బయల్దేరిన ఉదయం, మా వీధిలో పొయ్యి మీద పెట్టిన టీలు అలాగే మరిగి ఇంకిపోయాయి. అందరం గోడల దగ్గర చేరి చూస్తున్నాం. ఆమె నేరుగా మరిది ఒల్లాబెర్గన్ పెరట్లోకి దూరి, వెనక మట్టిగది తలుపు కాలితో తన్నింది. లోపల చలికాలం కోసం దాచిన ఖర్బూజాలు తుంగ ఉట్లలో వరసగా వేలాడుతున్నాయి. పార ఎత్తి మొదటి దెబ్బకే రెండు కాయలు పగలగొట్టింది. గుజ్జూ గింజలూ గోడ మీదకి చిందాయి.

ఒల్లాబెర్గన్ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి పార కర్ర పట్టుకున్నాడు. ఆమె దాన్ని విడిపించుకుని అతని మోకాలి కింద ఎముక మీద కొట్టింది. అతను కూలబడ్డాడు.

"వదినా, పిచ్చెక్కిందా నీకు? నా పిల్లలు తినాల్సిన కాయలవి!"

"మీ అన్న కాలివేలు తినేశావు కదరా! అది చాల్లేదా?"

ఒల్లాబెర్గన్ భార్య పాషాజాన్ గుండెలు బాదుకుంటూ అరుస్తూ ఉంది. ఒక్క ఉట్టి కూడా మిగలకుండా కొట్టాకే బీకాజాన్ ఆగింది. మోచేతుల దాకా తీపి కారుతుంటే కాలువకి వెళ్ళి కడుక్కుంది.

ఆమె మొగుడు మత్రసూల్ ఒకప్పుడు మా ప్రాంతంలో పేరున్న మల్లుడు. విందుల్లో కుస్తీ ఉందంటే గెలిచినవాడికిచ్చే పొట్టేలు అతని ఇంటికే చేరేది. అంత మనిషికి నలభై నిండకుండానే షుగరు జబ్బు వచ్చింది. మాత్రలు కొన్నాళ్ళు పనిచేశాయి. తర్వాత ఇన్సులిన్ సూది తప్పలేదు. డాక్టరమ్మ చెప్పినవన్నీ బీకాజాన్ మనసులో పెట్టుకుని తు.చ. తప్పకుండా చేసేది. తీపి వదిలేయడం మాత్రం మత్రసూల్ వల్ల కాలేదు. ఖర్బూజా పండే ఊళ్ళో పుట్టినవాడు మరి.

తమ్ముడు ఒల్లాబెర్గన్‌కి జాలేసింది. ఎండు ఖర్బూజా ముక్కల్ని జడల్లా అల్లి, కోటు కింద దాచి తెచ్చి ఇచ్చేవాడు. "ఇది పండే కదన్నా, పంచదారా ఏమన్నానా?" అనేవాడు. మత్రసూల్ గొడ్లసావిట్లో కూర్చుని దొంగతనంగా తినేవాడు. కాలివేలికి చిన్న పుండు లేచింది. అది మానలేదు, నల్లబడింది. ఆసుపత్రిలో వేలు తీసేశారు. కట్టుతో అతన్ని ఇంటికి తెచ్చిన మర్నాడు బీకాజాన్ సావిడి ఊడుస్తుంటే గడ్డి కింద సగం కొరికిన జడలు బయటపడ్డాయి. పార తీసింది అప్పుడే.

అంతటితో వదల్లేదు. సంతలో నిలబడి అందరికీ వినబడేలా అరిచింది. "మా ఆయన చేతిలో ఎవరైనా తీపి పెట్టారా, ఆ చెయ్యి విరగ్గొడతా! అది ఆయనకి విషం. విన్నారుగా? విషం!"

విన్నారు. చిన్నపిల్లలతో సహా ఊరంతా విన్నారు.

అప్పటినుంచి పళ్ళు ఆమే ఏరేది. సంతలో అందరూ ఖర్బూజా తొడిమ దగ్గర వాసన చూసి, ఘాటుగా తీపి కొట్టేదాన్ని ఎత్తుకునేవాళ్ళు. బీకాజాన్ మాత్రం అలాంటి కాయల్ని పక్కకి నెట్టి, గట్టిగా పచ్చిగా ఉన్నదాన్ని తీసుకునేది. కాయలమ్మే సాపర్‌బాయ్ తాతకి అది చూస్తే ఒళ్ళు మండేది.

"నా బండిలో చప్పటి కాయ ఉందని ఊరంతా అనుకోవాలనా నీ ఉద్దేశం?"

"చప్పగా ఉంటే నాకు బంగారం తాతా. దాచిపెట్టి మరీ అమ్ము."

"మీ ఆయన్ని దోసకాయలు తినమనవే! నా పరువు దక్కుతుంది."

"అవీ పెడుతున్నా. నువ్వు కాయ తూచు."

పుల్ల చెర్రీలు, గట్టి ఆపిల్, పచ్చి జల్దారు పళ్ళు పెట్టేది. ఎండు జల్దారు, కిస్‌మిస్ గడప దాటనిచ్చేది కాదు. నీళ్ళు ఎండిపోయాక మిగిలేది చక్కెరేనని ఆమె వాదన. ఖర్బూజా పెడితే రొట్టే మాంసమూ తిన్నాక, సన్నటి ముక్క ఒకటి, అంతే. మత్రసూల్ ఆ ముక్కని తొక్క తెల్లబడేదాకా గీకి తినేవాడు. గొణిగేవాడు గానీ ఎదురు చెప్పేవాడు కాదు. ఆమె మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. కాలు కుదుటపడింది. మళ్ళీ పొలంలోకి దిగాడు.

మరుసటి శరత్తులో ఒల్లాబెర్గన్ తన కొడుక్కి సున్తీ విందు పెట్టుకున్నాడు. పెద్దలు మధ్యన పడి రెండిళ్ళనీ కలిపారు. బీకాజాన్ వెళ్ళింది. వెళ్ళే ముందు మొగుడికి సూది వేసి, గుడ్డలో రొట్టె చుట్టి కోటు జేబులో పెట్టింది. "వాళ్ళు వడ్డించడం ఆలస్యమైతే ఇది తిను. సూది పడ్డాక కడుపు ఖాళీగా ఉండకూడదు, తెలుసుగా?"

"తెలుసులే. నేనేం చంటిపిల్లాణ్ణా?"

విందింట్లో ఎద్దుని కోయాలి. కాళ్ళకి తాడు వేస్తుండగా అది తెంచుకుంది. ఒకణ్ణి కుమ్మి గోడకి కొట్టి, ఆడవాళ్ళ వైపు దూకింది. మత్రసూల్ కోటు విప్పి చెట్టు కొమ్మ మీదకి విసిరి అడ్డం వెళ్ళాడు. కొమ్ములు రెండూ పట్టి మెడ తిప్పాడు. చాలాసేపు మనిషీ ఎద్దూ దుమ్ములో గిరగిరా తిరిగారు. చివరికి ఎద్దు పక్కకి కూలింది. కత్తి ఇమ్మని అరిచి, గొంతు కోసిందీ అతనే. మోచేతుల దాకా నెత్తురుతో లేచి నిలబడితే జనం ఈలలు వేశారు. తర్వాత తోలు తీశాడు, కట్టెలు కొట్టాడు. కోటు కొమ్మ మీదే ఉండిపోయింది. పొరుగూరి పెద్దలు రాలేదని పలావు దించలేదు.

ఈలోగా మగవాళ్ళ వైపు రొట్టెలూ ఖర్బూజా ముక్కలూ వచ్చాయి. మత్రసూల్ చెయ్యి చాపాడు.

"ఆగన్నా, ఆగు!" అన్నాడు ఒల్లాబెర్గన్. అప్పటికే రెండు గ్లాసులు వోడ్కా వేసి ఉన్నాడు. "వదినని అడిగొస్తా. ఏ వేలంత ముక్క తినాలో కొలత చెబుతుంది. ఉన్న వేలంతా, పోయిన వేలంతా?"

అందరూ విరగబడి నవ్వారు. మత్రసూల్ ముక్కని పళ్ళెంలో పెట్టేశాడు. ఆ కోపంలో రొట్టె కూడా ముట్టలేదు. లేచి కుస్తీ బరి దగ్గరికి నడిచాడు.

"దమ్ముంటే రా."

"అన్నా, సరదాకన్నాను."

"సరదాకే రమ్మంటున్నా."

ఇద్దరూ నడికట్లు పట్టుకున్నారు. సాపర్‌బాయ్ తాత మధ్యవర్తి. మొదట అంతా మామూలుగానే సాగింది. ఒల్లాబెర్గన్ వయసులో ఉన్నవాడు, కాలు మెలేసి అన్నని రెండుసార్లు తూలించాడు. మత్రసూల్ ఒంటి మీద చెమట ధారలుగా కారుతోంది. గాలి చల్లగా ఉంది. అంత చెమట ఏమిటని ఎవరికీ తోచలేదు. ఒక్క ఊపున తమ్ముణ్ణి ఎత్తి వీపు మీద పడేశాడు. మట్టి అదిరింది.

"అయిపోయింది! వదులు!" అన్నాడు తాత.

మత్రసూల్ వదల్లేదు. ఛాతీ మీద కూర్చుని పిడికిలి దించాడు. కట్టె విరిగినట్టు చప్పుడు. మళ్ళీ దించాడు. ఒల్లాబెర్గన్ దవడ పక్కకి జారిపోయింది, నోట్లోంచి నెత్తురు తన్నుకొచ్చింది. భుజం పట్టి లాగిన తాత మూతి మీద మోచెయ్యి తగిలింది, ముసలాయన వెల్లకిలా పడ్డాడు. మత్రసూల్ లేచి చుట్టూ చూశాడు. ఆ కళ్ళకి మనుషులు ఆనడం లేదు. నాలుక మడతపడి ఏదేదో అరుస్తున్నాడు. దగ్గరికి వచ్చినవాణ్ణల్లా కొడుతున్నాడు.

"తాగాడు వీడు!"

"తమ్ముణ్ణి చంపేస్తున్నాడు, పట్టుకోండి!"

కట్టెలు లేచాయి. పార కర్రతో ఎవరో వీపు మీద కొట్టారు, ఎవరో చెవి మీద. చెవి చిరిగింది. పడిపోయాక కూడా తన్నులు ఆగలేదు. ఎద్దుకి కట్టిన తాడుతోనే చేతులు విరిచి, పక్కన నిలిపి ఉన్న లారీ చక్రానికి కట్టేశారు.

బీకాజాన్ ఆడవాళ్ళ వైపు నుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. తడిసి ముద్దయిన చొక్కా, వణికే పెదవులు, పాలిపోయిన మొహం చూసింది. "నాన్నా, తలుపు తియ్యి. నాన్నా, చలేస్తోంది," అంటున్నాడు మత్రసూల్. వాళ్ళ నాన్న పోయి చాలా ఏళ్ళయింది.

ఆమె కొమ్మ మీద వేలాడుతున్న కోటు వంక ఒక్కసారి చూసింది.

"చక్కెర పడిపోయింది ఈయనకి! పాకం తెండి! ఎవరన్నా పాకం తెండి!"

ఒక్కరు కూడా కదల్లేదు.

"విషమని నువ్వే కదమ్మా అన్నావు?" అన్నారెవరో.

"ఎక్కువైతే విషం! ఇప్పుడు లేదు, ఒంట్లో చక్కెరే లేదు! చచ్చిపోతాడు!"

రొట్టెల్లోకి పెట్టిన ఖర్బూజా పాకం గిన్నె ఒకటి కనబడితే ఆమె అందుకుంది. వెనకనుంచి పాషాజాన్ జుట్టు పట్టి లాగింది. గిన్నె పడి ముక్కలైంది.

"మా ఆయన దవడ విరగ్గొట్టించావు! ఇప్పుడు నీ మొగుణ్ణి కూడా చంపుకుని మా మెడకి చుడతావా?"

ఇద్దరూ నేల మీద దొర్లారు. పాషాజాన్ ఆమె మొహం గీరేసింది. బీకాజాన్ ఆమె భుజం కొరికి, పాకుతూ వెళ్ళి గాడిపొయ్యి మీది పెద్ద అండాలోంచి ఇనుప జల్లిగరిటె లాగింది. అడ్డొచ్చిన పాషాజాన్ ముంజేతి మీద కొట్టింది. కాగిన నూనెకి చర్మం బుసబుసా పొంగింది, పాషాజాన్ కేక పెట్టి పక్కకి పడింది. బీకాజాన్ ఇంకో పాకం గిన్నె ఎడంచేత్తో ఎత్తుకుని, కుడిచేత్తో గరిటె తిప్పుతూ లారీ వైపు నడిచింది. ఇద్దరు మగవాళ్ళు ఆమె నడుం పట్టుకున్నారు. ఒకడి నుదురు చిట్లింది, అయినా వదల్లేదు.

అప్పుడు సాపర్‌బాయ్ తాత నోరు తుడుచుకుంటూ లేచాడు. ముందు పళ్ళు ఊడి మాట సరిగా రావడం లేదు.

"వదలండ్రా దాన్ని. ఏడాదిగా మొగుడి నోట్లోకి పోయే ప్రతి ముక్కా కొలిచిందది. వాడికేం కావాలో మీకు తెలుసా, దానికి తెలుసా? వదలండి!"

వదిలారు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. గుటక వేయలేడని చూసి, పాకం వేలితో తీసి బుగ్గకీ చిగురుకీ మధ్య రాసింది. మత్రసూల్ దవడలు బిగించాడు. ఆమె చూపుడువేలు పళ్ళ మధ్య ఇరుక్కుంది. నెత్తురు అతని గడ్డం మీదుగా కారింది. పళ్ళు ఎముకకి తగిలిన చప్పుడు దగ్గరున్నవాళ్ళకి వినబడింది.

ఆమె అరిచింది గానీ వేలు లాక్కోలేదు. ఆ వేలు తెరిచిన సందులోంచే రెండో చేత్తో ఇంకా పాకం రాసింది, ఇంకా రాసింది. "మింగు. మింగు నాయనా. మింగు," అంటూనే ఉంది.

ఎంతసేపో తెలీదు. ముందు వణుకు తగ్గింది. గొంతు కదిలింది. పళ్ళు సడలాయి. మత్రసూల్ కళ్ళు నెమ్మదిగా ఆమె మొహం మీద నిలిచాయి.

"బీకా... నీ మొహానికేమైంది? ఎవరు కొట్టారు?" అన్నాడు. లేవబోయి, తాళ్ళు చూసుకున్నాడు. "నన్నెందుకు కట్టేశారు?"

ఆమె తాళ్ళు విప్పించి, కోటు తెప్పించి, అందులో ఉన్న రొట్టె తుంచి తుంచి నోట్లో పెట్టింది. అతన్ని కట్టేసిన లారీలోనే ఒల్లాబెర్గన్‌ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

జరిగిందంతా తెలిశాక మత్రసూల్ మర్నాడు సూది వేయించుకోనన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఆ సూదే నన్ను పశువుని చేసింది. నాకొద్దు. తమ్ముడి దవడ, తాత పళ్ళు, నీ వేలు... ఈ చేతులకి ఇంక తిండి పెట్టొద్దు."

బీకాజాన్ కట్టు కట్టిన చేత్తోనే అతని చెంప మీద కొట్టింది. ఆ దెబ్బ ఇద్దరినీ నొప్పించింది.

"సూది కాదు, నీ రోషం. సూది వేసుకుని అన్నం మీద అలిగావు. నిన్న చక్కెర తక్కువై చావబోయావు, ఇవాళ ఎక్కువై చస్తావా? ఎటునుంచి కాపలా కాయను నిన్ను? లే!"

అతను లేచాడు. చొక్కా ఎత్తి పొట్ట చూపించాడు. ఆమె ఎడంచేత్తో సూది వేసి, అతను పళ్ళెం ఖాళీ చేసేదాకా ఎదురుగా కూర్చుంది.

ఒల్లాబెర్గన్ దవడకి తీగలు కట్టించుకుని ఇంటికొచ్చాక మత్రసూల్ వెళ్ళాడు. వెనకే బీకాజాన్. పెరట్లో తమ్ముడి ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, "కొట్టు," అన్నాడు.

ఒల్లాబెర్గన్ కొట్టాడు. మొహమాటపడలేదు. పిడికిలితో కనుబొమ్మ చీల్చాడు, రెండో దెబ్బకి పక్కకి పడేశాడు. మత్రసూల్ మళ్ళీ లేచి కూర్చున్నాడు. తమ్ముడు మూడోసారి ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఒల్లాబెర్గన్ గుమ్మం మీద కూలబడి ఏడ్చాడు. నోరు తెరవలేని మనిషి ఏడుపు ముక్కులోంచి వింతగా వచ్చింది.

"రొట్టె తిన్నావా?" అన్నాడు పళ్ళ సందునుంచి.

"తిన్నాను."

"అబద్ధం కాదుగా?"

"తినకుండా మీ వదిన గడప దాటనిస్తుందా?"

పాషాజాన్ బొబ్బలెక్కిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. బీకాజాన్ వైపు ఎటూ తేల్చుకోలేని చూపు చూసింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపటికి నీళ్ళ కుండ ఎత్తబోయి చెయ్యి నొప్పికి ఆగింది. బీకాజాన్ వెళ్ళి ఆ కుండ ఎత్తి లోపల పెట్టింది. ఆమె వేలూ సరిగా మడతపడదు, ఇంకెప్పుడూ పడలేదు కూడా.

ఆ వారం సంతలో బీకాజాన్ మళ్ళీ నిలబడి అరిచింది.

"వినండి! మా ఆయన జేబులో పంచదార ముక్కలుంటాయి. చెమటలు పట్టి, మాట తడబడి, పిచ్చివాడిలా తిరుగుతుంటే కట్టేయకండి. మింగగలిగితే నోట్లో పెట్టండి. సోయి లేకపోతే బుగ్గ లోపల రాసి, డాక్టర్ని పిలవండి."

"పెడుతుంటే కొడతాడేమో?" అన్నాడు ఎవడో.

"కొడితే తిను. నేను తిన్లేదూ?"

సాపర్‌బాయ్ తాత బోసినోటితో నవ్వాడు. బండి లోపలికి వంగి, ఆకుల కింద దాచిన గట్టి పచ్చి కాయ ఒకటి తీసి తక్కెడలో పెట్టాడు.