ఊరికే వస్తున్న వేటకుక్క

నా స్నేహితుడు శామ్యూల్‌కు బదిలీ అయింది. తన వేటకుక్కను ఊరికే తీసుకోమని మూడు రోజులుగా నా ప్రాణం తోడేస్తున్నాడు.

"నీ భైరికి జత అయితది. తీస్కోరాదే అన్నా!"

తార్నాకలో మూడో అంతస్తు ఫ్లాటు. అందులో నా భైరి చాలక రెండో వేటకుక్కా? వద్దనడానికి నోరు రాలేదు. పొద్దున్నే రెండింటినీ యూనివర్సిటీ క్యాంపస్‌లో నడిపించి చూద్దామన్నాను.

పొదలోంచి నెమలి లేచింది. భైరి ఎప్పటిలాగే ఆగి, పోనా అన్నట్టు నా ముఖం చూసింది.

"వద్దు," అన్నాను. ఊరుకుంది.

కాస్త దూరంలో ఇంకో నెమలి కనిపించింది. ఈసారి భైరి శామ్యూల్ కుక్క ముఖం చూసింది. అదీ భైరి ముఖమే చూసింది.

"చూసినవా, అప్పుడే దోస్తులైనయి! తీస్కపోతవా?" అన్నాడు శామ్యూల్.

భైరి గొలుసు చేతికి రెండు చుట్లు చుట్టుకుని, "వద్దు," అన్నాను.

భైరి నా వైపు తిరగనే లేదు.