నలభై నిమిషాలు దించిన బరువు

నేను ఒక రబ్బరు దిమ్మను. పెద్ద యంత్రాల కింద అదురు ఆపడానికి బాలానగర్‌లో ఒక షెడ్డులో తయారయ్యాను. నా తోటివాళ్ళు ఫ్యాక్టరీలకు వెళ్ళారు. నన్ను విశాఖలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుకు పంపారు.

అక్కడ హైమవతి అనే పరిశోధక విద్యార్థిని నా మీద ఇరవై కిలోల ఇనుప బరువు పెట్టి, పక్కన గేజి బిగించింది. నేనెంత కుంగానో రోజూ రెండుసార్లు రాసుకునేది. తొంభై రోజులు బరువు కదలకూడదు. తొంభై అయిదో రోజుతో ఆమె పీహెచ్‌డీ గడువు ముగుస్తుంది.

నాలో నిన్నటి బరువూ, మొన్నటి బరువూ కూడా మిగిలి ఉంటాయి. ఆ గతమంతా లెక్కలోకి రావాలంటే మామూలు అవకలనం, అంటే లెక్కల్లోని డిఫరెన్షియేషన్, చాలదని, సగంసారి చేసే అవకలనం కావాలని ఆమె నమ్మకం. గైడు ధనుంజయరావు గారికి అది మంచి కాలక్షేపం.

“సగంసారి అవకలనమేంటమ్మా? స్నానం కూడా సగంసారే చేస్తావా?” అనేవారు. తోటి లెక్చరర్లు ఆమెకు ‘అర మేడం’ అని పేరు పెట్టారు.

డెబ్బై ఒకటో రోజు, సోమవారం, తనిఖీ కమిటీ వచ్చింది. పూలగుత్తి పట్టుకుని గేటు దగ్గర నిలబడమని హైమవతిని పంపించి, గైడు గారు నా వైపు తిరిగారు.

“అప్పన్నా, ఆ బరువు దించి బల్ల కింద పెట్టు. ఇనుప సామాన్ల కొట్టులా ఉంది.”

కమిటీ వెళ్ళాక అటెండరు అప్పన్న బరువును ఉన్నచోటే మళ్ళీ పెట్టాడు. వాళ్ళ దృష్టిలో అంతటితో అయిపోయింది. నాలో కాలేదు. తర్వాతి మూడు రోజుల రీడింగులు గ్రాఫులో గీత తప్పాయి. హైమవతి తన సగం అవకలనంతో వెనక్కి లెక్కకట్టి అందరి ముందూ అడిగింది.

“సార్, సోమవారం పదకొండు దాటాక నలభై నిమిషాలు బరువు తీశారా?”

“రబ్బరు చెప్పిందా? సంతకం కూడా పెట్టిందా?”

అందరూ నవ్వారు. అప్పన్న నవ్వలేదు. “నలబై నిమిసాలే సారూ. మీరే కదేటి తీసీమన్నారు?”

ధనుంజయరావు గారు ఆ గీత ఉన్న కాగితాన్ని తన ముందుకు లాక్కున్నారు. “అయితే నీ సూత్రం పనిచేసిందన్నమాట!”

“కొత్త దిమ్మతో మళ్ళీ మొదలుపెడతాను సార్. గడువు పొడిగించమని సంతకం పెట్టండి.”

“ఏమని రాయను? నేనే చెడగొట్టానని రాయనా?”

సంతకం పెట్టలేదు. తొంభై అయిదో రోజు ఆమె వచ్చి, బరువును రెండు చేతులా, నాకు అదురు తగలకుండా దించింది. పనికిరాదని తెలిసీ గేజి చూసి అంకె రాసుకుంది. ఆ తర్వాత ఆ ల్యాబుకు రాలేదు.

ఆ గీత మరుసటి ఏడాది ఒక పరిశోధన పత్రికలో ఆయన పేరుతో అచ్చయింది: యంత్రాల కింది దిమ్మల మీద భారం ఎప్పుడు తప్పిందో కనిపెట్టే కొత్త పద్ధతి. చివర కృతజ్ఞతల్లో, అక్షరం తప్పుతో, ‘హేమవతి’ అని ఉంది.

నన్నిప్పుడు అద్దాల బీరువాలో పెట్టారు. ఈమధ్య ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇంజనీరొకాయన నన్ను చూపించి అడిగాడు.

“ఇది పూర్తిగా పైకి లేవడానికి ఎన్నాళ్ళు పడుతుందండీ?”

ధనుంజయరావు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. “సగం అవకలనం కదండీ, సుమారుగా...” అని ఆగి, టీ చల్లారిపోతోందంటూ ఆయన్ను బయటికి తీసుకెళ్ళారు.

ఆ లెక్క వచ్చిన మనిషికి కబురు పెడదామని ఎవరికీ తోచలేదు.