కుర్చీకి ఒక్కరే

మా వదినకూ నాకూ ఇంట్లో మాటలు తక్కువ, సణుగుళ్ళు ఎక్కువ. గిన్నె మీద మూత పెట్టలేదని ఆవిడ, పెట్టిన మూత మీద మళ్ళీ ఇంకో గిన్నె ఎందుకని నేను. వదిన అంటే మా ఆయన అక్క. భర్త పోయాక తమ్ముడి పంచన చేరిందని ఇరుగుపొరుగు అనుకుంటారు. అసలు సంగతి వేరు. ఆవిడ తన జీతంతో అద్దెకు తీసుకున్న ఇంట్లోకి మేమే వచ్చి చేరాం. ఆ మాట ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. అనకుండానే నాకు వినబడేట్టు చేసేది.

పని దగ్గర మాత్రం మేం వేరే మనుషులం. ప్రభుత్వ ఆఫీసులకు కుర్చీలు చేసే కార్ఖానాలో మేమిద్దరం ఒక జోడీ. వడ్రంగులు చేసి పంపిన చట్రానికి పేము అల్లడం మా పని. చట్రాన్ని రెండు ఎత్తు దిమ్మల మీద పెడతాం. పైన స్టూలు మీద వదిన, కింద పీట మీద నేను. తొట్టిలో నానిన పేము బద్దను ఆవిడ చిల్లులోంచి దించుతుంది. నేను అందుకుని, మెలి పడకుండా లాగి, పక్క చిల్లులోంచి పైకి పంపుతాను. అల్లిక బిగిసేకొద్దీ ఆవిడ మొహం నాకు కనబడదు, నాది ఆవిడకు కనబడదు. వేళ్ళు తప్ప ఇంకేమీ కనబడని సమయానికి మా మాటలు మొదలయ్యేవి.

ఏం మాటలని చెప్పను! వాళ్ళాయన గురక గురించి చెప్పి నవ్వేది. అదే గురక ఆగిపోయిన రోజు గురించి చెప్తూ బద్దను అలాగే పట్టుకుని ఉండిపోయేది. నేను కింద ఎదురుచూసేదాన్ని. నా కడుపు నిలవలేదన్న సంగతి మా ఆయనకన్నా ముందు నేను ఆ చట్రం కిందనుంచే పైకి చెప్పాను. ఆవిడ ఆ రోజంతా బద్దల్ని బిగించకుండా వదులుగా దించింది, నేను గట్టిగా లాగక్కర్లేకుండా. ఆ కుర్చీని మర్నాడు విప్పి మళ్ళీ అల్లాల్సి వచ్చింది. ఇంటికి వెళ్ళాక మామూలే. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావంటే ఎక్కడ పెట్టారని.

ఆ ఏడు దేశం దివాలా తీసినంత పనయింది. బ్యాంకుల ముందు జనం, లోపల తెల్లమొహాలు వేసుకున్న గుమాస్తాలు. నిన్నటి ధర ఇవాళ అడిగితే దుకాణంవాడు నవ్వేవాడు. బయటి దేశాలవాళ్ళు అప్పు ఇస్తామన్నారు, ముందు మీ ఇల్లు మీరు చక్కబెట్టుకోండన్నారు. ఆర్థికమంత్రి టీవీలో కనబడి అందరం కాస్త ఓర్చుకోవాలన్నాడు. ఆయన కూర్చున్నది మా కుర్చీయే. మాటకోసారి వెనక కాళ్ళ మీదకు ఒరుగుతున్నాడు.

"అలా ఊగితే కీళ్ళు వదులవుతాయి నాయనా, సరిగ్గా కూర్చో" అంది వదిన టీవీతో. దేశం సంగతి మీద ఆవిడ ఇంకేమీ అనలేదు.

నిజం చెప్పొద్దూ, సంస్కరణలు అనగానే నేను మొదట సంతోషించాను. మా కార్ఖానాలో పొద్దున్నే కిటికీలు తెరవడానికి ఒకాయన, సాయంత్రం మూయడానికి ఇంకొకాయన ఉండేవారు. మధ్యాహ్నం వాన వస్తే ఇద్దరూ నీదంటే నీదని వాదులాడుకునేలోపు చెక్కంతా తడిసేది. ఆ రెండు ఉద్యోగాలూ తీసేశారని తెలిసి, పీడా పోయిందనుకున్నాను. మన దాకా రానంతవరకు నాకూ పెద్ద పెద్ద ఆలోచనలే ఉండేవి.

ఆ తర్వాత సంస్కరణల ఆఫీసునుంచి ఒక అమ్మాయి వచ్చింది. మేం ఆవిడకు సంస్కరణలమ్మ అని పేరు పెట్టాం. పేరు విని రాక్షసి అనుకోకండి. భుజాన సంచీ, చేతిలో ఫ్లాస్కు, మెత్తటి మనిషి. మా పక్కన నేల మీదే కూర్చుని ఒక చట్రం మొదలు పెట్టినప్పటినుంచి ముడి వేసేదాకా కదలకుండా చూసింది.

"ఒక్కరే అల్లలేరా అండీ?" అని అడిగింది చివరికి.

నేను అల్లలేరని చెప్పేలోపే వదిన అందుకుంది. "అల్లొచ్చమ్మా. లేవాలి, వంగాలి, మళ్ళీ లేవాలి. ఆలస్యమవుతుంది గానీ అల్లొచ్చు."

"బయట చోట్ల అలాగే అల్లుతున్నారు" అంది ఆ అమ్మాయి తప్పుచేసినట్టు మొహం పెట్టి.

ఆవిడ వెళ్ళాక నాకు ఒళ్ళు మండింది. "ఆ మాట ఎందుకు చెప్పారు?" అన్నాను కిందనుంచి.

"అడిగింది. చెప్పాను. అబద్ధమా?"

అబద్ధం కాదు. అదే నా బాధ.

కొద్దిరోజులకు రూలు వచ్చింది. ఇకనుంచి కుర్చీకి ఒక్కరే. ప్రతి జోడీలో ఒకరు నెలలోపు తమ ఇష్టపూర్వకంగా తప్పుకోవచ్చు, కొంత డబ్బు ఒకేసారి ఇస్తారు. ఎవరూ తప్పుకోకపోతే వెనక చేరినవాళ్ళు పోతారు. మా జోడీలో వెనక చేరింది నేను.

నాకు ఆ ఉద్యోగం కావాలి. ఇందులో దాపరికం ఏముంది? మా ఆయన బస్సు కండక్టరు. ఆయన జీతంలో అప్పటికే కోత పడింది. నా జీతం కూడా పోతే ఇల్లు గడవడం కష్టం. కానీ డబ్బు ఒక్కటే కాదు. పొద్దున్నే ఆ తడి పేము వాసన తగిలితే నాకు ప్రాణం లేచొచ్చేది. ఆ పీట మీద కూర్చుంటే నేనొక మనిషిననిపించేది. వదిన రిటైరు కావడానికి ఇంకెంతో కాలం లేదు. ఆవిడే తప్పుకుంటే బాగుండునని రోజూ అనుకున్నాను. అనుకున్న మరుక్షణం సిగ్గేసేది. జీతం ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఆవిడ పెద్దదిక్కు. జీతం పోతే తమ్ముడి ఇంట్లో మిగిలిపోయిన అక్క. ఆవిడ ఎలా భరిస్తుంది?

ఆ నెలంతా చట్రం కింద మాటలు ఎండిపోయాయి. "లాగు." "లాగాను." "మెలి పడింది." "పడలేదు." అంతే. మా ఆయన రెండు పక్కలా తలూపే మనిషి. అక్క మొహం చూసి ఒకసారి, నా మొహం చూసి ఒకసారి నిట్టూర్చి డ్యూటీకి వెళ్ళిపోయేవాడు.

గడువు చివరి రోజు పొద్దున్న టీ దగ్గర గొడవ మొదలైంది. పాలు ఎవరు పొంగనిచ్చారన్నది మొదటి మాట. అది ఎక్కడెక్కడికో వెళ్ళింది.

"కింద కూర్చునేదాన్ని కదా, తొక్కడానికి వీలుగా ఉంటాను" అన్నాను.

వదిన స్టవ్ కట్టేసి నా వైపు తిరిగింది. "ఎవరే నిన్ను తొక్కింది? చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ పీట మీద కూర్చోబెట్టింది ఎవరు?"

నాకు ముక్కు మీద కోపం అని మా అమ్మ ఊరికే అనేది కాదు. "అయితే మీ పీట మీరే ఉంచుకోండి" అని చెప్పులు వేసుకుని బయటపడ్డాను. తిన్నగా కార్ఖానా ఆఫీసుకు వెళ్ళి, కాగితం అడిగి, నా ఇష్టపూర్వకంగా ఉద్యోగం వదులుకుంటున్నానని రాసిచ్చాను. ఇష్టపూర్వకంగా అన్న మాటను అంత కోపంగా ప్రపంచంలో ఎవరూ రాసి ఉండరు. ఒకరి దయాధర్మం మీద వచ్చిన ఉద్యోగం నాకొద్దు. అప్పటికి నా బుర్రలో ఉన్నది అదొక్కటే.

మధ్యాహ్నం ఇద్దరికీ పిలుపు వచ్చింది. సంస్కరణలమ్మ బల్ల అవతల కూర్చుని ఉంది. మమ్మల్ని ఎదురెదురు కుర్చీల్లో కూర్చోమంది. మా వదిన మొహాన్ని పగటి వెలుతురులో అంత దగ్గరగా, అంత సేపు చూడడం నాకదే మొదటిసారి అనుకుంటాను. కళ్ళ కింద చర్మం ముడతలు పడి ఉంది. పెద్దదయిపోయింది ఈవిడ, నేనెప్పుడూ గమనించలేదేమిటనుకున్నాను.

"మీ జోడీనుంచి రెండు కాగితాలు వచ్చాయండీ" అంది ఆ అమ్మాయి. "రెండూ తీసుకుంటే మీ చట్రం దగ్గర ఎవరూ మిగలరు. మిగలకపోతే ఆ పోస్టు కూడా రద్దవుతుంది. మా పైవాళ్ళు సంతోషిస్తారు. నాకు మాత్రం అది న్యాయంగా లేదు. సాయంత్రంలోపు ఒకరు వెనక్కి తీసుకోవచ్చు."

రెండు కాగితాలా? నాకు అర్థం కాలేదు. వదిన కిటికీ వైపు చూస్తోంది.

"మీరెప్పుడిచ్చారు?" అన్నాను.

"రూలు వచ్చిన వారంలోనే."

సంస్కరణలమ్మ ఫ్లాస్కు తీసుకుని, వేడినీళ్ళు తెచ్చుకుంటానని లేచి వెళ్ళిపోయింది. ఫ్లాస్కు నిండుగానే ఉంది, లేస్తూంటే తొణికింది కూడాను.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏడుస్తావు. ఏడిస్తే బద్ద సరిగ్గా లాగవు. ఈ నెల చేసిన కుర్చీలన్నీ విప్పుకోవాల్సి వచ్చేది."

"మరి పొద్దున్న ఆ మాట ఎందుకన్నారు?"

"కోపం వచ్చింది. ఉద్యోగం పోయే మనిషికి ఆ మాత్రం కోపం రాకూడదా? నీ ఒక్కదాని సొత్తా ఏమిటి అది?"

నేను నవ్వబోయి ఏడ్చాను. "మీరు వెనక్కి తీసుకోండి వదినా. నేను ఎక్కడో ఒకచోట ఏదో ఒక పని చూసుకుంటాను."

"ఎక్కడ? ఊళ్ళో సగం మంది అదే వెతుక్కుంటున్నారు." చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "అదీ కాక, కుర్చీకి ఒక్కరే అన్నారు. పైనుంచి దించాలి, వంగి కింద అందుకోవాలి. ఆ వంగడం నా వల్ల కాదే. స్టూలు మీదనుంచి దిగడానికే చట్రం పట్టుకుంటున్నాను. నువ్వు కిందనుంచి చూళ్ళేదు. నీకు కిందపని వచ్చు, పైపని ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నావు. నాకు ఒకటే వచ్చు. ఆ పిల్ల రూలు పెట్టిన రోజే తేలిపోయింది ఎవరు ఉండాలో. నువ్వు లేనిపోని పంతానికి పోయి కాగితం రాశావు గానీ."

"మరి మీరు ఇంట్లో..." అన్నాను.

ఆవిడకు అర్థమైంది. "కష్టంగానే ఉంటుంది" అంది. "ఉండదని చెప్పను. తమ్ముడిని ముద్ద పెట్టమని అడగాలంటే నాకు చచ్చేంత సిగ్గు. నువ్వే ఎలాగో అడక్కుండా పెట్టు."

నా కాగితం నేను వెనక్కి తీసుకున్నాను. సంస్కరణలమ్మ దాన్ని చింపమని నా చేతికే ఇచ్చింది. ఆవిడ మీద నాకు కోపం లేదు. అప్పులపాలైన ఇంట్లో ఎవరో ఒకరు లెక్క చూడాలి. ఆ లెక్కలో మా వదిన మిగులుగా తేలింది, అంతే. కోపం లేదన్నాను గానీ ఆ రోజు ఆవిడకు నమస్కారం పెట్టకుండానే వచ్చేశాను.

మర్నాటినుంచి పైనా నేనే, కిందా నేనే. బద్ద దించడం, లేవడం, వంగడం, లాగడం, మళ్ళీ లేవడం. అల్లొచ్చు. వదిన అన్నది నిజమే, ఆలస్యమవుతుంది గానీ అల్లొచ్చు. చుట్టూ అన్ని చట్రాల దగ్గరా ఒక్కొక్కరే లేస్తూ వంగుతూ ఉన్నారు. కార్ఖానా ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. పెద్దమేస్త్రి ఒకసారి తిరిగి చూసి, ఇప్పుడు అందరూ బుద్ధిగా పని చేస్తున్నారన్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నడుము విరిగిపోయింది. వంటింట్లో అన్ని గిన్నెల మీదా మూతలున్నాయి. వదిన కంచం పెట్టింది. నేను ఆవిడకు కూడా కంచం పెట్టి, ఆవిడ అడక్కముందే వడ్డించాను. ఎదురెదురుగా కూర్చున్నాం. చెప్పాల్సినవి బోలెడున్నాయి. పక్క చట్రం ఆవిడ గుడ్లనీళ్ళు కుక్కుకోవడం, మేస్త్రి బడాయి, పైపని అనుకున్నంత తేలిక కాదన్న సంగతి. నోరు తెరిచాను. ఆవిడ కళ్ళు నన్నే చూస్తున్నాయి. ఒక్క ముక్క బయటికి రాలేదు. ఇన్నేళ్ళలో మేం మొహాలు చూసుకుంటూ మాట్లాడుకున్నది ఉప్పు గురించే.

"కూర బాగుంది" అన్నాను.

"ఊఁ" అంది.

ఇంకాసేపు అలాగే తిన్నాం. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఉద్యోగం నాకు మిగిలింది, వదిన ఎదురుగానే ఉంది, అయినా ఆవిడ నాకు దక్కకుండా పోయిందనిపించింది.

వదిన తన కంచం తీసుకుని లేచింది. తినడం అయిపోయిందేమో అనుకున్నాను. మోకాలు పట్టుకుంటూ వంటింటి గుమ్మం దాటి, తెర లాగి, అవతలి గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. తెర కిందనుంచి ఆవిడ కాళ్ళ వేళ్ళు మాత్రం కనబడుతున్నాయి.

"ఇప్పుడు చెప్పు" అంది అవతలినుంచి. "పొద్దున్న వెళ్ళగానే ఎవరేమన్నారు?"