కబుర్లు వినే రోడ్డు

నారీన్ కొండల్లోని ఆ ఊరి నుంచి పట్నానికి ఎంతసేపు పడుతుందనేది ఊళ్ళో ఏం జరిగిందన్నదాన్ని బట్టి ఉండేది. రోడ్డుకి కబుర్లంటే ప్రాణం. పెళ్ళివారి తగువు ఒకటి చెబితే ముప్పావుగంటలో పట్నంలో దింపేసేది. ఎవరూ నోరు విప్పకపోతే అలిగి అంతకంతకూ పొడుగ్గా సాగేది, క్యాన్లలో పాలు విరిగిపోయేవి. అందుకే పాలవ్యాన్ డ్రైవర్ ఎసెన్‌కుల్ పొద్దున్నే సైరకన్ ఇంటి ముందు హారన్ కొట్టి ఆవిణ్ణి ఎక్కించుకునేవాడు. ఊరందరి పాలతోపాటు ఊరందరి సంగతులూ ఆవిడ దగ్గరే పోగయ్యేవి మరి.

ఆ రోజు ఆవిడ బట్టల సంచీతో వచ్చింది.

"ఎక్కడికక్కా?"

"రాజధానికి, బిష్కెక్‌కి. కుట్టుపని దొరికింది. కొత్తగా పెట్టే పాల ఫ్యాక్టరీ పక్క జిల్లాకే పోతోందట. వాళ్ళకి తారురోడ్డుంది, కరెంటు పోదు, కాలేజీ కూడా ఉంది. మనకేముంది, గుంతలు తప్ప? ఆవుల్ని మరిదికి అప్పజెప్పేశా."

ఎసెన్‌కుల్ కంగారుగా రోడ్డు వంక చూశాడు. "కాస్త మెల్లగా చెప్పకూడదూ? వినేసింది."

మధ్యాహ్నం దాకా వ్యాన్ నడుస్తూనే ఉంది. చివరికి ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా సైరకన్ ఇల్లే. గుమ్మం ముందు రాజధాని నంబరు కారు. ఫ్యాక్టరీ స్థలం ఖాయం చేయడానికి పక్క జిల్లాకి బయల్దేరిన మారజికోవ్ అనే అధికారి అందులోంచి దిగాడు.

"ఎటు పోయినా ఇక్కడికే వస్తున్నా, ఇది నాలుగోసారి," అన్నాడు నీరసంగా.

సైరకన్ అతన్ని లోపలికి పిలిచి రొట్టె, మీగడ, టీ పెట్టింది. అతను మీగడ గిన్నె ఖాళీ చేసి, మళ్ళీ పెట్టించుకున్నాడు.

"మీ ఆవులు ఏం తింటాయమ్మా?"

"కొండగడ్డి. కరెంటు తినవు."

"పాలు పట్నం చేరడానికి ఎంతసేపు?"

"ఊళ్ళో ఏమీ జరక్కపోతే కష్టమేనయ్యా. కానీ ఏమీ జరగని రోజు నేనింకా చూళ్ళేదు."

అతను సబబేనన్నట్టు తలూపాడు. "కరెంటు లైను నేను వేయించగలను. ఇలాంటి మీగడ తెప్పించలేను. ఫ్యాక్టరీ ఇక్కడే పెట్టొచ్చు. కానీ కబుర్లు చెప్పే మనిషి ఉండాలిగా? మీరేమో వెళ్ళిపోతున్నారని మీ వ్యాన్ డ్రైవర్ అన్నాడు."

మరిది దొడ్లోంచి ఆవు అరిచింది. సైరకన్ గిన్నెలు కడిగి బోర్లించింది. బయటికొచ్చి, మారజికోవ్‌ని అతని కారు వెనక సీట్లో కూర్చోమని, తను కారు డ్రైవరు పక్కన కూర్చుంది. అద్దం దించి తల బయటపెట్టి రోడ్డు వైపు వంగింది.

"విను. నేనెక్కడికీ పోవట్లేదు."

ఆవిడ మళ్ళీ అద్దం ఎత్తేలోగా పట్నం బజారు వచ్చేసింది.